ఆటవిడుపు: హాండికాపు తగ్గితే పాయసమా?

సర్జాపుర నుండి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. ఉద్యోగ విరమణ చేసిన వారి భర్తగారు రెండేళ్ళ క్రిందట గోల్ఫు పట్టారట. మొన్న ఒక ఆదివారం ఇంటికి వస్తూనే, "నా హాండికాపు 26 నుండి 23కు దిగింది, పాయసం చెయ్యి" అన్నారట. హాండికాపు అంటే లోపమని మనం బడిలో నేర్చుకున్నాం గదా, లోపానికి అంకె ఏమిటి, దాన్ని కొలిచేదెవరు, దిగితే పండుగ ఎందుకు అని ఆమె ప్రశ్న. పాయసం మాత్రం చేసి పెట్టారట. ప్రశ్న మాకు నచ్చింది. తెలిసినంత విన్నవిస్తాం.

ముందుగా మాట సంగతి. పూర్వం ఇంగ్లండులో ఇద్దరు తమ వస్తువులు మార్చుకునేటప్పుడు, మూడవవాడొకడు మధ్యవర్తిగా కూర్చుని, తక్కువ వెలగల వస్తువు వాడు పైన ఎంత కలపాలో చెప్పేవాడు. టోపీలో చేతులు పెట్టి తీసే ఆట అది. పేరు అందువల్లనే వచ్చింది. 1660లో శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో ఈ ఆటను పేర్కొన్నాడు. తరువాత గుర్రప్పందేలవారు ఆ మాటను అందిపుచ్చుకున్నారు. బలమైన గుర్రం జీనుకు సీసం బరువు ఎక్కువ, బక్క గుర్రానికి తక్కువ. అంటే హాండికాపు మొదట చేతనైన వాడి నెత్తిన పెట్టిన బరువే గాని, చేతగాని వాడికి పెట్టిన పేరు కాదు. అంగవైకల్యం గలవారికి ఆ మాటను తగిలించడం ఆ తరువాతి పని, అది మాకు ఎన్నడూ మింగుడుపడలేదు.

గోల్ఫులో వరస తిరగబడింది. బెంగుళూరు హైగ్రౌండ్సులో 1876 నాటి బెంగుళూరు గోల్ఫు క్లబ్బు ఉన్నది. గుర్రప్పందేల మైదానం అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ మైదానంలో ఎక్కువ హాండికాపు అంటే ఎక్కువ మోత. ఈ క్లబ్బులో ఎక్కువ హాండికాపు అంటే ఎక్కువ రాయితీ. మైదానమంతా, అనగా 18 గుంటలు, మంచి ఆటగాడు 72 దెబ్బల్లో ముగించాలనుకుందాం. ఒకాయన 78 కొట్టాడు, అతని హాండికాపు 6. ఇంకొకాయన 95 కొట్టాడు, అతనిది 24. తీసివేస్తే మొదటాయన 72, రెండవాయన 71. కప్పు రెండవాయనదే. కనుక హాండికాపు దిగడమంటే, ఇక నీకు అంత సాయం అక్కరలేదని క్లబ్బు వ్రాసి ఇచ్చినట్టు. పాయసం దానికి.

మన ఆటల్లో ఇటువంటి ఏర్పాటు తక్కువ. చిన్న పిల్లవాడు ఏడిస్తే ఆటలో అరటిపండుగా కలుపుకుంటాం. వాడు పరుగెత్తుతాడు, అరుస్తాడు, కాని వాడు గెలిచినా ఓడినా లెక్కలోనికి రాదు. మన పల్లెల్లో బండలాగుడు పోటీలకు ఎడ్లను పళ్ళు చూసి తరగతులుగా విడదీస్తారు. పాలపళ్ళ జత ఒకవైపు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళవి వేరువేరు. అది న్యాయమే, కాని సమానులను సమానులతో కలిపే న్యాయం. గోల్ఫువారు అసమానులను ఒకే పందెంలో నిలబెట్టి, ఇద్దరి ఆటా లెక్కకు తెచ్చారు. డెబ్బయ్యేళ్ళ తాతగారు పదిహేడేళ్ళ మనుమడితో నిజంగా పోటీపడి గెలవగల ఆటలు ఇంకెన్ని ఉన్నాయి చెప్పండి!

ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. 2020 వరకు లోకంలో ఆరు పద్ధతులు ఉండేవి. అమెరికా వారిదొకటి, బ్రిటన్ వారిదొకటి, ఇలాగ. ఆ ఏడు జనవరి నుండి అన్నిటినీ కలిపి ప్రపంచ హాండికాపు పద్ధతి అని ఒకటి అమలులోకి తెచ్చారు. మన దేశంలో పెద్దదిక్కు భారతీయ గోల్ఫు యూనియన్. కొత్తవాడు మొదట మూడు పూర్తి ఆటల కార్డులు దాఖలు చేయాలి. ఆ మూడింటిలో మంచిదాన్ని తీసుకుని, అందులో నుండి 2 తగ్గించి మొదటి అంకె ఇస్తారు. బ్రిటనులో చాలాకాలం మగవారికి 28, ఆడవారికి 36 దాటనిచ్చేవారు కారు. ఇప్పుడు అందరికీ 54 దాకా అవకాశం ఉన్నది. ఇది మంచి మార్పు.

కార్డు ఇవ్వగానే అందులోని మొత్తాన్ని అలాగే ఎక్కించరు. మైదానాలన్నీ ఒకటి కావు గదా. ప్రతి మైదానానికి రెండు కొలతలు ఉంటాయి. కోర్సు రేటింగు అంటే హాండికాపు సున్నాగా గల దిట్ట అక్కడ కొట్టవలసిన దెబ్బల లెక్క. స్లోపు రేటింగు అంటే సామాన్యుడికి ఆ మైదానం దిట్టకన్నా ఎంత అదనంగా కష్టపెడుతుందో చెప్పే అంకె. అది 55 నుండి 155 దాకా ఉంటుంది, 113 మధ్యమం. ఉదాహరణకు కోర్సు రేటింగు 71, స్లోపు 125 అనుకోండి. మీరు 95 కొట్టారు. 95లో 71 పోగా 24. దాన్ని 113తో గుణించి 125తో భాగిస్తే 21.7. ఆనాటి ఆటకు మీ పద్దు అదీ. ఆ రోజు గాలివానకు అందరి ఆటా చెడితే, నాటి కార్డులన్నీ పోల్చి చూసి, మొత్తం మీద 3 దాకా సడలింపు కూడా ఇస్తారు. అందరూ మామూలుకన్నా బాగా ఆడిన రోజున 1 బిగిస్తారు.

ఇటువంటి పద్దులు ఇరవై పోగయ్యాక, వాటిలో మంచివి ఎనిమిది తీసి సగటు కడతారు. అదే హాండికాపు ఇండెక్సు. ఇది ఊరూరా చెల్లే నాణెం. దొమ్ములూరు దగ్గర కర్ణాటక గోల్ఫు అసోసియేషన్ మైదానంలో సంపాదించిన ఇండెక్సుతో గోల్కొండ నయాకిల్లాలోనూ ఆడవచ్చు, విశాఖ ఈస్ట్ పాయింటులోనూ ఆడవచ్చు. అక్కడి స్లోపును బట్టి మీకు రావలసిన దెబ్బలు మారుతాయి, అంతే. ఇరవైలో మంచి ఎనిమిదే ఎందుకంటే, ఈ అంకె మీ మామూలు ఆటను చెప్పదు, మీ సత్తాను చెబుతుంది. అందుచేత తన హాండికాపుకు తగ్గట్టు ఆడగలగడం ఎవరికైనా నాలుగైదు ఆటలకు ఒకసారే. తక్కిన రోజుల్లో విసుగుతో ఇల్లు చేరడం సహజమని ఇల్లాండ్రు గ్రహించగలరు.

వృత్తిగా ఆడేవారికి ఈ రాయితీ ఏదీ లేదు. బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ 2021లో టోక్యో ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచింది. కంచు పతకానికి దూరం ఒక్క దెబ్బ. ఒక్క దెబ్బ విలువ అంతటిది.

అంతటి విలువ ఉన్నచోట దొంగతనం పుట్టక మానదు. ఇక్కడి దొంగతనమే వింత. లోకంలో మనిషి ఉన్నదానికన్నా గొప్పగా కనబడాలని చూస్తాడు. గోల్ఫులోనూ అటువంటివారు ఉన్నారు. చెడ్డ కార్డులు జేబులో దాచి, నా హాండికాపు 9 అని చెప్పుకు తిరుగుతారు. వారి వల్ల ఎవరికీ నష్టం లేదు, పందెం పడిన ప్రతిసారీ ఓడేది వారే. రెండవ రకం వారు గోముఖవ్యాఘ్రాలు. మామూలు రోజుల్లో కావాలని రెండు దెబ్బలు ఎక్కువ కొట్టి, హాండికాపు పెంచుకుని, కప్పు నాడు మాత్రం అసలు ఆట తీస్తారు. అబద్ధమాడి పెద్దవాడు కావడం విన్నాం. అబద్ధమాడి చిన్నవాడై తోటివాడి కప్పు కాజేయడం ఇక్కడే.

దీనికి కాపలా పలువిధాలు. కార్డును వెంట ఆడినవాడు సరిచూసి సంతకం పెట్టాలి. ఒక గుంటలో ఎన్ని దెబ్బలు తగలేసినా హాండికాపు లెక్కకు ఒక మితి ఉన్నది. నాలుగు దెబ్బల గుంటలో మీకు ఒక దెబ్బ రాయితీ ఉంటే, నాలుగుకు రెండు, ఆపైన ఒకటి కలిపి 7 వ్రాస్తారు. పదకొండు కొట్టినా 7 మాత్రమే. గత 365 రోజుల్లో మీ కనిష్ఠ ఇండెక్సు 10 అనుకుంటే, 13 దాటిన పెరుగుదలలో సగమే ఇస్తారు, 15 దాటనే దాటనివ్వరు. తన ఇండెక్సుకన్నా 7 తక్కువ పద్దు తెచ్చినవాడికి వెంటనే 1 కోత, 10 తక్కువ తెస్తే 2 కోత. ఇవన్నీ ఇప్పుడు కంప్యూటరే చూసుకుంటుంది.

కంప్యూటరు చూడలేనిది క్లబ్బువారి హాండికాపు కమిటీ చూడాలి. ఏడాదికి ఒకసారైనా అందరి పద్దులూ తిరగవేయాలి. ఎవరు ఆడి కార్డు ఇవ్వలేదు, ఎవరు కప్పుల్లో ఒకలా, తక్కిన రోజుల్లో మరొకలా ఆడుతున్నారు, ఎవరికి జబ్బు చేసి నిజంగానే చేయి పడిపోయింది అని తెలుసుకోవాలి. మంచి కార్డు దాచినవాడికి అతని పద్దుల్లోని మేలైనదాన్నే మరొకసారి ఎక్కించవచ్చు. ఇండెక్సు మార్చవచ్చు, కదలకుండా కట్టివేయవచ్చు, తీసివేయనూ వచ్చు. కాని ముందుగా ఆ మనిషికి చెప్పి, అతని జవాబు వినాలి. ఆఫీసుల్లో రహస్య నివేదికల కింద నలిగినవారికి ఈ నియమం విలువ చెప్పనక్కరలేదు.

చిక్కల్లా కమిటీలోని ముగ్గురు నలుగురూ ఆ సభ్యుడి స్నేహితులే కావడం. నిన్న అతని ఇంట పెళ్ళి భోజనం చేసి, నేడు "తమరి 18 నిజం కాదు, 14 చేస్తున్నాం" అనాలి. ఆ మాట అనలేని కమిటీ ఉన్నచోట నిజాయితీగా కార్డులిచ్చే సభ్యులు ఒక్కొక్కరే పోటీలకు పేరివ్వడం మానుకుంటారు. గొడవేమీ జరగదు. జాబితా చిన్నదవుతుంది.

ఈ చివరి మాట మన సంఘానికీ వర్తిస్తుందేమోనని మా అనుమానం. సంక్రాంతి కారమ్సు పోటీల్లో ఏటేటా బహుమతులు అవే రెండిళ్ళకు పోతున్నవి. అందులో మోసమేమీ లేదు, వారు నిజంగా దిట్టలు. అయితే అరవై దాటిన పెద్దలు, కొత్తగా నేర్చిన ఆడపడుచులు పేర్లివ్వడం మానేశారు. 25 పాయింట్ల ఆటలో బలహీనుడికి ఆరో పదో ముందే ఇచ్చి ఆడిస్తే ఎలా ఉంటుంది? నెలనెలా ఆడే ఆటల్లో ఎవరికెన్ని వచ్చాయో ఒకచోట వ్రాసుకుంటే ఆ అంకె దానంతట అదే తేలుతుంది. వ్రాయడం మావంటి గుమాస్తాకు బరువు కాదు, నోటుపుస్తకం కొనేశాం కూడా. సుబ్బారావుగారికి పది ఎక్కువ, ఆరు చాలు అని ఆయన ఎదుట అనగలిగిన ముగ్గురు కావాలి. పేర్లు కార్యదర్శిగారికి ఈ నెలాఖరులోగా పంపగలరు.