బేటాకు షాన్, బేటీకి ఫికర్!

జేఈఈ, ఈఏపీసెట్ రిజల్ట్ రాంగనే మన మొహల్లాల్లో ఒకటే ముచ్చట: ఏ కాలేజీకి ఎంత ఇజ్జత్, ఎక్కడ చదివితే ఎంత షాన్? ఈ హిసాబంతా బేటాలకే. బేటీ దగ్గరికొచ్చేసరికి సవాల్ ఒక్కటే: ఇంటికెంత దూరం?

వరంగల్లో ఆ బహానా చెల్లదు. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఆర్‌ఈసీయే 2002లో ఎన్‌ఐటీ అయ్యింది, కాజీపేట దగ్గర్లోనే. 1976లో మొదలైన కాకతీయ యూనివర్సిటీ హనుమకొండలో. రెండూ ఆటోలో పోయేంత దూరమే.

రెండింటి జిందగీ వేరు. ఎన్‌ఐటీలో సగం సీట్లు బయటి రాష్ట్రాలోళ్లవి. బిహార్ పిల్లతో, కేరళ పిల్లతో ఒకే మెస్‌లో తిని చదువుడు కూడా తాలీమే. కాకతీయలో పల్లె పిల్లలెక్కువ. ఫార్మసీ నుంచి లా దాకా ఉన్నది, తెలంగాణ ఉద్యమంలో కదిలిన క్యాంపస్ అది. ఒకటి నౌకరీకి తొవ్వ చూపిస్తది, ఇంకోటి హక్ అడిగే నోరిస్తది. బేటీకి రెండూ జరూరత్ కాదా?

2018 నుంచి ఎన్‌ఐటీల్లో అమ్మాయిలకని అదనపు సీట్లు పెట్టిన్రు. సర్కార్ దర్వాజా తెరిస్తే మనం గొళ్లెం పెట్టుడేంది?

"ఆడపిల్లకు హాస్టలా?" అంటరు. అదే పిల్లను నిఖా చేసి దుబాయి పంపేటప్పుడు దూరం యాదికి రాదేం?

కౌన్సెలింగ్ రోజు ఆప్షన్లు మామూ, చాచాలు పెట్టొద్దు. ర్యాంకు బేటీది. ఫైసలా కూడా బేటీదే.