గుర్రపు డెక్కకు మేత వేస్తున్నదెవరు?

అమీర్‌పేట హాస్టళ్లలో, పంజాగుట్ట అపార్టుమెంట్లలో తెల్లారక ముందే మొదలైన నీళ్ల చప్పుడు అర్ధరాత్రి దాకా ఆగదు. ఆ నీళ్లు ఎటు పోతున్నాయని అడిగే నాథుడు లేడు. డ్రైనేజీ పొంగితే ఫోన్లు చేస్తాం, పారితే మరిచిపోతాం. పంజాగుట్ట నాలా హుస్సేన్‌సాగర్ దారి పడుతుంది. అవతల కూకట్‌పల్లి నాలా బాలానగర్ మురికిని కూడా మోసుకొస్తుంది. దిగువన మూసీ.

నైట్రోజన్, ఫాస్ఫరస్ నిండిన ఈ మురుగే గుర్రపు డెక్క అనే నీటి కలుపు మొక్కకు మేత. అది పుట్టింది అమెజాన్ ప్రాంతంలో. ఊదారంగు పువ్వు ముచ్చటగా ఉందని 1890లలో బెంగాల్‌కు తెచ్చారు. మేత దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దాని గింజ బురదలో 20 ఏళ్ల దాకా బతికే ఉంటుంది. నీటిని చాపలా కప్పేసిందంటే కింద వెలుగుండదు, ఆక్సిజన్ ఉండదు, చేప మిగలదు. మిగిలేది దోమలే. మూసీ ఒడ్డున, కాప్రా చెరువు పక్కన, మూసాపేట కాముని చెరువు చుట్టూ ఉన్నవాళ్లను అడగండి, సాయంత్రమైతే తలుపులు ఎందుకు మూసుకుంటారో చెబుతారు.

ప్రతిసారీ చేసేదేమిటి? యంత్రాలు దించుతారు, డెక్క లాగుతారు, చాలాచోట్ల గట్టునే కుప్ప పోస్తారు. డ్రోన్‌తో దోమల మందు చల్లుతారు. నాలా మాత్రం అలాగే పారుతుంది! మేత ఆపకుండా మొక్కను పీకితే ఏం లాభం? ఇది తెలియనంత అమాయకులెవరూ లేరు. పట్టనితనం, అంతే.

ఇలాగే పరాయి చోటికి చేరిన మొక్కను మరోచోట ఎలా పట్టించుకున్నారో చూడండి. హిందూ మహాసముద్రానికి చెందిన హాలోఫిలా స్టిప్యులేసియా అనే సముద్రపు గడ్డి 2002లో కరీబియన్‌లో, గ్రెనడా తీరాన కనబడింది. అక్కడి సొంత గడ్డిని తోసేస్తూ, చేపల ఆవాసాలను మార్చేస్తూ దీవి నుంచి దీవికి పాకింది. శాస్త్రవేత్తలు నీళ్లలోకి దిగి, అది ఎక్కడెక్కడ చేరిందో పటాలు గీశారు. ఇక్కడ గుర్రపు డెక్క బస్సు కిటికీలోంచే కనబడుతున్నా మనం తల తిప్పుకుంటాం.

సాగునీటి శాఖ జలసౌధ ఎర్రమంజిల్‌లోనే ఉంది. కాలుష్య నియంత్రణ మండలి సనత్‌నగర్‌లో ఉంది. ఇంత దగ్గర కూర్చున్న మీకు ఈ కంపు తగలడం లేదా? నాలాలోకి దిగే ప్రతి పైపూ ఏ హాస్టల్‌దో, ఏ హోటల్‌దో, ఏ ఆస్పత్రిదో లెక్క తీయండి. ఆ జాబితా నాలా పక్కనే బోర్డు మీద పెట్టండి. శుద్ధి చేయని మురుగు సాగర్‌లో పడడం ఏ తేదీకి ఆగుతుందో అదే బోర్డు మీద రాయండి.