మందు డబ్బా కూడా తీసుకురండి



గడచిన సంవత్సరాన్ని తలచుకుంటే మా వార్డులకు క్యాలెండరు కన్నా పొలమే ముందు గుర్తుకు వస్తుంది. తొలకరి పడగానే పాముకాట్లు. ఆగస్టు నుండి పత్తికి, మిరపకు మందు కొట్టే రోజులు. సంక్రాంతి దాటితే మిరపకోతలు. కల్లాల్లో తొడిమలు తీసే అమ్మలు చేతుల మంటతో, దగ్గుతో వస్తారు. మే నెలలో వడదెబ్బ. కాన్పులకు మాత్రం కాలమంటూ లేదు, అన్నీ అర్ధరాత్రే అని మా చిన్న సిస్టర్లు నవ్వుతుంటారు.

ఈసారి మందు కొట్టే రోజుల గురించే వ్రాయదలచాము.

గాలికి ఎదురుగా పంపు మోసి, చొక్కా తడిసినా మార్చుకోక, అదే చేత్తో అన్నం తిన్నవారు సాయంత్రానికి వాంతులు, చెమటలతో పడిపోతారు. ఇంట్లోవారు "ఎండ తగిలింది" అంటారు. ఊళ్లోనే సెలైన్ పెట్టించి, తగ్గకపోతే రాత్రికి తెస్తారు. నోట చొంగ, సూదిమొనంత అయిన కంటిపాప చూసి డాక్టరుగారు కొంత పోల్చుకుంటారు గాని, అన్ని మందులకూ ఒకే విరుగుడు లేదు. ఎట్రోపిన్ పనిచేసేది కొన్ని రకాలకే. అందుకే మేము మొదట అడిగేది "డబ్బా తెచ్చారా?" అని. దాని మీద మందు పేరు ఉంటుంది, నలుపలకల గుర్తు కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు అయితే అతి విషపూరితం. చదవడం రాకపోయినా ఫరవాలేదు, మూత బిగించి కవరులో వేసి తెండి.

ఇక కష్టమైన సంగతి. 1987-88లో పత్తి పోయినప్పుడు ఈ ప్రాంతం పడిన దుఃఖం మన పెద్దలకు తెలుసు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేయడం మనమందరం చూశాము. మందు తానే తాగినవారిని తెచ్చినప్పుడు ఇంటివారు నిజం చెప్పరు. ఒక రాత్రి ఒక తండ్రి "కడుపునొప్పే సిస్టరమ్మా" అని మూడుసార్లు చెప్పాడు. పక్కనున్న చిన్నపిల్ల మా ఆయమ్మ చెవిలో అసలు మాట చెప్పబట్టి సరిపోయింది. ఆ అబ్బాయి నడిచే ఇంటికి వెళ్ళాడు.

భయమంతా పోలీసు కేసు గురించి. పోలీసులకు తెలియజేయడం ఆసుపత్రి విధి, అది మేము దాచము. అయితే ఇటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. 2024 జులైలో అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షను లేనే లేదు. కాబట్టి నిజం చెప్పండి. ఉప్పునీళ్లు, చింతపండు రసం పట్టి కక్కించవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోగలదు. తడిసిన బట్టలు తీసి, సబ్బుతో ఒళ్లు కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ కవరు తొడుక్కోవాలి.

చూడవచ్చే బంధువులకు, సంఘస్థులకు ఒక మాట. "ఇంత పని ఎందుకు చేశావురా" అని మంచం దగ్గర నిలదీయకండి. కొందరు పెద్దలు అక్కడే పాపం గురించి బోధిస్తారు. వారి ప్రేమను మేము శంకించము గాని, సెలైన్ ఎక్కుతున్న మనిషి జవాబు చెప్పలేక గోడవైపు తిరుగుతాడు. మీరు వెళ్ళిపోయాక ఆ ముఖాన్ని రాత్రంతా చూసేది మేము. క్యారేజీ ఇచ్చి, గేదెను ఎవరు చూస్తున్నారో చెప్పి వెళ్ళండి. అప్పు సంగతి ఇంటికి వెళ్ళాక కూర్చుని మాట్లాడవచ్చు.

మిగిలిన మందును మంచం కింద పెట్టడం, కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచడం మా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం. పసిపిల్లలకు సీసాయే తెలుసు, లోపల ఏముందో తెలియదు. పెద్దలకైనా ఆ ఆవేశం నిలిచేది కాసేపే, ఆ కాసేపు మందు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో అతి విషపూరితమైన మందులను నిషేధించాక ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. మనము ఇంట్లో చేయగలిగింది తాళం వేసిన పెట్టె. దాన్ని పెరటి పాకలో ఉంచండి, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. మనసు బరువెక్కిన రోజున 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు. ఖర్చు లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా చేయవచ్చు.