యాప్ అంటే భయమా? అడక్కుండా రుద్దడమే సమస్యా?

ఆఫీసులో కొత్త పద్ధతి తెస్తే చాలు, ఉద్యోగులు అడ్డం తిరుగుతారు.. పని తప్పించుకోవడానికే ఈ గొడవంతా అంటుంటారు. నిజంగా అంతేనా? 2022లో ఏపీ సర్కారు బడుల్లో జరిగింది చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

అసలేం జరిగింది?

ఆ ఏడాది ఆగస్టు 16 నుంచి టీచర్లు యాప్‌లో ముఖ ఆధారిత హాజరు వేయాలని అప్పటి ప్రభుత్వం ఆదేశించింది. అది కూడా సొంత ఫోన్లోనే. ఉపాధ్యాయ సంఘాలు ససేమిరా అన్నాయి. చివరికి అప్పటి విద్యాశాఖ మంత్రి బొత్స సత్యనారాయణ సంఘాలతో చర్చలకు కూర్చున్నారు. 15 రోజుల గడువిచ్చారు.

ఎందుకు వద్దన్నారు?

ఫోన్ వాడటం రాక కాదు. రోజూ వాట్సాప్, ఫోన్‌పే వాడేవాళ్లే. వాళ్ల అభ్యంతరాలు వేరు.

* ఫోన్ మాది, డేటా మాది. హాజరు కావాలంటే డివైస్ మీరే ఇవ్వండి.
* పొలాల మధ్య ఊళ్లలో సిగ్నల్ అందకపోతే? సర్వర్ మొరాయిస్తే సెలవు మా ఖాతాలో పడాలా?
* మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోలకే టైమ్ పోతోంది. ఇక పాఠం ఎప్పుడు చెప్పాలి?

యాప్‌కు కనిపించనిది

మిర్చి కోతలొస్తే కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు పల్లెలకు వలస వస్తాయి. వెంట పిల్లలూ వస్తారు. వాళ్లు బడిలో ఉండాలంటే ఎవరో ఒకరు చేల దాకా వెళ్లి నచ్చజెప్పాలి. ఆ పని చేసే టీచర్ కష్టం యాప్‌లో ఎక్కడా నమోదు కాదు. ఉదయం టైమ్‌కి ముఖం కనిపించిందా, లేదా.. దానికి కావాల్సింది అంతే.

అలాగని టీచర్లదే ఒప్పు అనలేం. సారు టైమ్‌కి రావాలని కోరుకునే హక్కు కూలికెళ్లే తల్లిదండ్రులకు ఉంది. ట్యూషన్ పెట్టించే స్తోమత వాళ్లకు లేదు.

మరి దారేంటి?

బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఉద్యోగాలు పోతాయని ఇలాగే వ్యతిరేకించారు. అయితే అక్కడ 1983లో, మళ్లీ 1993లో యాజమాన్యాలు, సంఘాలు కూర్చుని ఒప్పందాలు రాసుకున్నాయి. కంప్యూటర్ వచ్చింది, గొడవ సద్దుమణిగింది.

అందుకే ఏ మార్పు తెచ్చినా మూడు ప్రశ్నలకు ముందే జవాబు చెప్పాలి. ఖర్చు ఎవరిది? మిషన్ తప్పు చేస్తే శిక్ష ఎవరికి? కొత్త పని నెత్తిన పెడితే పాత పనిలో ఏది తగ్గిస్తారు? ఇవి తేల్చకుండా సర్క్యులర్ పంపితే ఉద్యోగి ఎదురు తిరగక ఏం చేస్తాడు?