చందా పుస్తకమూ, పార్కు గేటూ

మా పేట పార్కు కోసం ప్రతి ఆదివారం వుదయం శ్రమదానం జరుగుతుంది. యేడాదికొకసారి సంగీత సభ పెట్టి, టిక్కెట్లు అమ్మి, నిధి పోగుచేస్తారు. యీ రెండింటినీ విమర్శించబోతున్నాను కనుక ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఆ శ్రమదానంలో పలుగూ పారా పట్టినవారిలో నేనూ వున్నాను. చందా పుస్తకం చంకన పెట్టుకొని యింటింటికీ తిరిగినవాణ్ణి. కాబట్టి యిది గట్టున కూర్చుని చెప్పే నీతి కాదు, ఆత్మవిమర్శ.

మిత్రుల వాదం నాకు తెలుసు. "మునిసిపాలిటీ చేయదు. మన పార్కును మనం బాగుచేసుకుంటే తప్పేమిటి?" అంటారు. యీ వాదంలో కొంత నిజం వుంది. తన చేత్తో నాటిన మొక్కను యెవడూ పెరికి పారెయ్యడు. పక్కింటివాడి పేరు కూడా తెలియని పేటలో పదిమంది కలిసి చెమటోడ్చడం చిన్న విషయమేమీ కాదు. దాన్ని నేను యెగతాళి చేయను. అయితే మన చెమట యెవరి బాధ్యతను కడిగివేస్తున్నది? అసలు ప్రశ్న అది.

మా పార్కును వూడ్చి, మొక్కలకు నీళ్లు పోసే కాంట్రాక్టు కార్మికురాలు ఒకామె వుండేది. శ్రమదానం మొదలైన రెండో యేట ఆమె కనిపించడం మానేసింది. మా ఫొటో పత్రికలో పడిన వారంలోనే బజారులో యెదురైతే అడిగాను.

"యేమ్మా, పని మానేశావా?"

"నేను మానలేదయ్యా, మాన్పించారు. బాబులంతా వచ్చి వూడుస్తున్నారు గదా, యిక నువ్వెందుకన్నాడు మేస్త్రీ."

మేము దానం చేశామనుకున్న శ్రమ ఆమె కూలి! దానమిచ్చింది ఆమె, పేరు తెచ్చుకొన్నది మేము.

తరువాత నిధి పెరిగింది. పెరిగిన నిధితో గేటు వచ్చింది, గేటుకు తాళం వచ్చింది, వేళల బోర్డు వచ్చింది. దాతల పేర్లతో పాలరాతి పలక వచ్చింది. కాలవ గట్టు గుడిసెల పిల్లలు మధ్యాహ్నం చెట్టునీడకు వస్తే, "మీదే యిల్లురా?" అని అడిగే కాపలాదారు వచ్చాడు. యెవరూ దుర్మార్గులు కారు. కాని చందా యిచ్చినవాడికి పార్కు తనదనే భావం కలుగుతుంది, తనదనుకున్నదానికి తాళం వేయాలనిపిస్తుంది. యిది వ్యక్తుల గుణదోషం కాదు, చందా పద్ధతిలోనే వున్న తర్కం.

పార్కు యెవరి దయాధర్మమూ కాదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలు పార్కులనూ, తోటలనూ, ఆటస్థలాలనూ పురపాలక సంస్థల విధుల జాబితాలో చేర్చింది. గుడిసెలోని మనిషి పన్ను కట్టడా? కొన్న ప్రతి సబ్బుబిళ్ల మీదా కడుతున్నాడు. అద్దెకుండేవాడు యింటి యజమాని కట్టే పన్నును అద్దెలో కలిపి కడుతున్నాడు. అందరూ కట్టిన పార్కుకు కొందరే దాతలు కావడం యెలాంటి లెక్క?

యీ దారి యెక్కడికి పోతుందో చూడాలంటే న్యూయార్కు సెంట్రల్ పార్కును చూడాలి. దాని పుట్టుకలోనే ఒక గాయం వుంది. ఆ నేల మీద సెనెకా విలేజ్ అనే పల్లె వుండేది. అక్కడివారిలో అత్యధికులు నల్లజాతివారు. సొంత యిళ్లూ, చర్చిలూ కట్టుకొన్నవారు. 1857లో వారిని ఖాళీ చేయించారు. 1975లో నగర ప్రభుత్వం దివాలా అంచుకు చేరింది, పార్కులు పాడుబడ్డాయి. 1980లో దాతల పూనికతో సెంట్రల్ పార్క్ కన్సర్వెన్సీ యేర్పడింది. పార్కు బాగుపడిందనేది నిజం, కాదనను. పూలటోపీలు పెట్టుకొన్న సంపన్న స్త్రీల విందులు యేటేటా నిధులు కురిపించాయి. 2012లో ఒక్క పెట్టుబడిదారుడే పది కోట్ల డాలర్లు ప్రకటించాడు. మరి పేదల పేటల పార్కుల సంగతి? అక్కడ టోపీల విందులు పెట్టేదెవరు? ధనిక పార్కుల సంస్థలు తమ బడ్జెట్లో ఐదోవంతు పేద పార్కులకివ్వాలని 2013లో ఒక శాసనసభ్యుడు ప్రతిపాదించాడు. అది చట్టం కాలేదు. చందా డబ్బున్న వైపుకే పారుతుంది. తన యింటి ముందు పచ్చగా వున్న ధనికుడికి వూరందరి పార్కుల గురించి నగరపాలకులను నిలదీసే అవసరం తీరిపోతుంది. అసలు నష్టం అక్కడే వున్నది.

అయితే పౌరులు చేతులు ముడుచుకు కూర్చోవాలా? వద్దు. బెంగుళూరులో ఒక కాలనీలో పార్కుకని కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు అప్పగిస్తే, అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పునిచ్చి, పార్కుకు వదిలిన జాగాను అధికారులు యిష్టానుసారం ధారపోయరాదని తేల్చింది. అదీ స్వచ్ఛంద సేవే. వారు పాలకుల బరువును తమ నెత్తికెత్తుకోలేదు; పాలకుల చేత మోయించారు.

కనుక పారలు పారేయమని నేననను. మన శ్రమ కూలి మనిషి పనికి అదనంగా వుండాలి, బదులుగా వుండకూడదు. సంగీత సభ పెడదాం. ఆ సభలోనే పార్కుకు మునిసిపాలిటీ యెంత కేటాయించిందో, యెంత ఖర్చుపెట్టిందో లెక్క అడుగుదాం. వచ్చిన చందాలో సగం కాలవ గట్టు ఆటస్థలానికిద్దాం. గేటు తాళం తీద్దాం.

మొన్నటి కమిటీ సమావేశంలో యీ మాటలే చెప్పాను. ఆ కార్మికురాలిని తిరిగి పనిలోకి తీసుకోవాలని మునిసిపాలిటీకి మహజరు పంపుదామన్నాను. నాతో కలిసి లేచిన చేతులు నాలుగే. చందా పుస్తకం కార్యదర్శికి అప్పగించి, మహజరు కాగితం తీసుకొని యింటింటికీ తిరుగుతున్నాను. మొదటి వేలిముద్ర ఆమెదే.