ఒక్క రింగు.. ఆపైన బిజీ

మన నంబరుని ఎవరైనా బ్లాక్ చేశారో లేదో కనిపెట్టడం ఎలా? ఈ ఒక్క ప్రశ్న కోసం మూడు రాత్రులు నిద్ర మానుకుని కూర్చున్నాను. ప్రొడక్షన్ పడిపోయిన రోజు కూడా ఇంత శ్రద్ధగా లాగ్స్ చదివిన పాపాన పోలేదు (మా మేనేజరుకి తెలుగు రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా). ఆ మూడు రాత్రుల జ్ఞానం ఊరికే పోకూడదని ఈ టపా. ఫలితం ముందే చెప్పేస్తాను, టైం లేనివాళ్ళు ఇక్కడితో వెళ్ళిపోవచ్చు. ఖచ్చితంగా తేల్చే పద్ధతి ఒక్కటే ఉంది. దాన్ని నేను వాడాను. వాడకుండా ఉండాల్సింది.

అసలు కథలోకొస్తే.. మావాడొకడున్నాడు. ఇంజనీరింగులో నాలుగేళ్ళు ఒకే రూము, ఆ తర్వాత కేపీహెచ్‌బీలో మూడేళ్ళు ఒకే ఫ్లాటు. వాడి బైకు నేను తోలేవాణ్ణి, నా చొక్కాలు వాడేసుకునేవాడు. 2024 మొదట్లో వాడి ఉద్యోగం పోయింది. అప్పటికి ఏడాది నుంచీ మన ఫీల్డులో ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు నెలలు చూసి, ఫ్లాటు ఖాళీ చేసి ఊరెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నేనొక 45 వేలు సర్దాను. వాడు అడగలేదు, నేనే ఇచ్చాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను మర్చిపోయాను కాబట్టి.

ప్రతి ఆదివారం పదకొండింటికి ఫోన్ చేసేవాణ్ణి. "ఏరా, ఏమన్నా కాల్స్ వస్తున్నాయా? ఆ ఇంటర్వ్యూ ఏమైంది? రెజ్యూమే మార్చావా?" మధ్యలో వారమంతా కనబడ్డ ప్రతి ఓపెనింగూ పంపేవాణ్ణి. ఈ కోర్సు చెయ్యి, ఆ సర్టిఫికేషన్ రాయి అని సలహాలు సరేసరి. స్నేహమంటే ఇదీ అని నా మీద నాకే కాస్త గర్వంగా కూడా ఉండేది.

దసరా రోజు చేస్తే ఒక్క రింగు.. అదీ పూర్తిగా కాదు.. ఆపైన "మీరు కాల్ చేస్తున్న వ్యక్తి బిజీగా ఉన్నారు". పండగ కదా, ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకున్నా. అరగంటాగి చేశా. ఒక్క రింగు, బిజీ. రాత్రి తొమ్మిదింటికి చేశా. ఒక్క రింగు, బిజీ. వాట్సాప్‌లో పెట్టిన శుభాకాంక్షలకి ఒకటే టిక్కు. డీపీ ఉండాల్సిన చోట బూడిదరంగు బొమ్మ.

ఇక మొదలైంది మన పరిశోధన.

ముందు కాల్ సంగతి. నేననుకున్నట్టు నెట్‌వర్క్‌వాడు మనల్ని ఆపడం లేదు. ఫోన్లో చేసే బ్లాక్ అవతలివాళ్ళ హ్యాండ్‌సెట్లో జరిగే పని. ఐఫోన్లలో ఈ సదుపాయం 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది, ఆండ్రాయిడ్‌లో సిస్టమ్‌లోనే భాగంగా 2016లో 7వ వెర్షన్‌తో వచ్చింది. మన కాల్ వాడి ఫోన్ దాకా వెళ్తుంది. ఫోన్ మోగకుండా దాన్ని తిప్పికొడుతుంది. వోల్టీ కాల్ అయితే ఆ తిప్పికొట్టడం కూడా మనకి కాస్త తెలిసిన సిప్ భాషలోనే. 486 అంటే బిజీ, 603 అంటే డిక్లైన్. వాడు మీటింగులో ఉండి ఎర్ర బటన్ నొక్కినా నెట్‌వర్క్‌కి ముట్టేది ఇలాంటి జవాబే. అంటే ఒక్క రింగు తర్వాత బిజీ వచ్చిందంటే వాడు బ్లాక్ చేసి ఉండొచ్చు, చేత్తో కట్ చేసి ఉండొచ్చు, నిజంగానే ఇంకొకరితో మాట్లాడుతూ ఉండొచ్చు.

దీనికి తోడు మనందరివీ రెండు సిమ్ముల ఫోన్లు. చాలా ఫోన్లలో ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండోది నెట్‌వర్క్‌కి అందదు. పాపం వాడు వాళ్ళ మావయ్యతో మాట్లాడుతుంటాడు, మనకి మాత్రం "స్విచాఫ్", "కవరేజీలో లేరు" అని వినబడుతుంది. ఎన్ని కాపురాల్లో గొడవలు పెట్టిందో ఈ రెండో సిమ్ము :)

ఎస్సెమ్మెస్ డెలివరీ రిపోర్టు చూద్దామా అంటే అదీ పనికిరాదు. మెసేజ్ హ్యాండ్‌సెట్‌కి చేరగానే రిపోర్టు వచ్చేస్తుంది. చేరిన తర్వాత ఫోన్ దాన్ని ఇన్‌బాక్స్‌లో చూపిస్తుందో, స్పామ్ ఫోల్డర్లోకి తోస్తుందో రిపోర్టుకి అక్కర్లేదు.

ఇహ వాట్సాప్. ఒకటే టిక్కు, లాస్ట్ సీన్ లేదు, డీపీ లేదు, కాల్ కలవదు. నాలుగు లక్షణాలూ కలిస్తే జబ్బు ఖాయమేననిపిస్తుంది. కానీ డీపీ "నా కాంటాక్ట్స్‌కి మాత్రమే" అని పెట్టుకుని మన నంబరు డిలీట్ చేసినా కనబడదు. లాస్ట్ సీన్ కొందరికి మాత్రం కనబడకుండా పెట్టుకునే వీలు 2022 నుంచీ ఉంది. ఒకటే టిక్కు డేటా అయిపోయినా పడుతుంది. ఇవన్నీ చదివాక వాట్సాప్ వాళ్ళ సహాయం పేజీకి వెళ్ళాను. బ్లాక్ చేసినవాళ్ళ ప్రైవసీ కోసం ఈ విషయాన్ని కావాలనే అస్పష్టంగా ఉంచామని వాళ్ళే రాసిపెట్టారు! మూడో రాత్రి రెండింటికి ఆ వాక్యం చదివితే నాకెలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

అయినా ఊరుకుంటానా. మా బ్యాచ్ గ్రూపులో ఇద్దరం ఉన్నాం. ఒకరినొకరు బ్లాక్ చేసుకున్నా కామన్ గ్రూపుల్లో మెసేజీలు కనబడతాయి. రీడ్ రిసీట్స్ ఆపేసుకున్నా గ్రూపుల్లో చదివినట్టు తెలిసిపోతుంది. పొద్దున్నే గ్రూపులో "గుడ్ మార్నింగ్ ఫ్రెండ్స్" అని పెట్టాను. ఏడేళ్ళలో నేను గుడ్ మార్నింగ్ పెట్టడం అదే మొదలు, నా హాస్టల్ మిత్రులు నా ఆరోగ్యం గురించి వాకబు చేశారు. మెసేజ్ ఇన్ఫో తెరిచి చూస్తే 7:42కి మావాడు చదివాడు. అంటే ఫోన్ ఆన్‌లోనే ఉంది, డేటా ఉంది, వాట్సాప్ పనిచేస్తోంది. నేను విడిగా పంపిందానికి మాత్రం ఇంకా ఒకటే టిక్కు.

ఇక్కడితో తొంభై శాతం తేలిపోయింది. మిగతా పది శాతం కోసమే మనిషి పాడైపోతాడు. ఆ రోజు ఒక్కరోజే పన్నెండు సార్లు కాల్ చేశాను, అదీ వేర్వేరు టైముల్లో, టెస్ట్ కేసుల్లాగా. తర్వాత తెలిసిందేమిటంటే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లాక్ అయిన కాల్స్ మోగవు గానీ కాల్ హిస్టరీలో పడతాయి. నేను వాణ్ణి పరీక్షిస్తున్నాననుకున్నా. వాడి ఫోన్లో నా పేరు పన్నెండు సార్లు వరసగా కూర్చుంది.

అప్పుడే డబ్బు గుర్తొచ్చింది. మా బ్యాచ్‌లో ఇంకొకడితో ఈ గోలంతా చెబితే "ఎంతిచ్చావేంటి?" అన్నాడు. చెప్పాను. "మరింకేం" అన్నాడు. ఆ "మరింకేం" నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది. తప్పంతా వాడిది, కారణం 45 వేలు, లెక్క సరిపోయింది. గూగుల్ పేలో ఒక్క రూపాయి పంపి "డబ్బులు అక్కర్లేదు, ఫోన్ ఎత్తు" అని నోట్ రాద్దామా అని కూడా టైప్ చేసి ఆగాను.

ఆ వారం ఆఫీసులో లంచ్ దగ్గర, మా టీంలో ఒకమ్మాయితో ఈ వాట్సాప్ అస్పష్టత గురించి వాదన పెట్టుకున్నాను. పేరు చెప్పలేదు, టెక్నికల్ చర్చలాగా ఎత్తుకున్నా. "చెత్త డిజైన్. బ్లాక్ చేస్తే చేశానని సిస్టమ్ చెప్పాలి. ఎర్రర్ కోడ్ దాచడం ఏం పద్ధతి?" అన్నాను.

"ప్రైవేట్ రిపోజిటరీకి యాక్సెస్ లేకుండా వెళ్తే గిట్‌హబ్ ఏమంటుంది?" అంది.

404 అంటుంది. 403 అనదు. 403 అంటే "ఉంది, కానీ నీకివ్వను" అని అర్థం. ఉందన్న సంగతి కూడా బయటికి పోకూడదు కాబట్టి 404. ఫైర్‌వాల్‌లో రిజెక్ట్ బదులు డ్రాప్ పెట్టేదీ చాలాసార్లు ఇందుకే. లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ ఒక్కటే తప్పయినా "యూజర్‌నేమ్ గానీ పాస్‌వర్డ్ గానీ తప్పు" అని మనమే రాస్తాం. ఇవన్నీ నేనే జూనియర్లకి చెప్పిన పాఠాలు.

తర్వాత తన సంగతి చెప్పింది. పాత కంపెనీలో ఒకడు వద్దన్నా మెసేజీలు పెట్టేవాడట. బ్లాక్ చేసింది. వాడికి తెలిసిపోయింది. ఆ రోజు నుంచీ రోజుకో కొత్త నంబరు, ఆఖరికి ఒక సాయంత్రం హాస్టల్ గేటు దగ్గర. బ్లాక్ అయిందని తెలిస్తే కొందరు ఆగుతారు, కొందరు గేటు దగ్గరికొస్తారు, ఎవరు ఏ రకమో ముందు తెలీదు కదా అంది. వద్దని స్పష్టంగా తెలిపినా ఒక స్త్రీని పదే పదే సంప్రదించడానికి ప్రయత్నించడం 2013 నుంచీ నేరమే. అప్పట్లో ఐపీసీ 354డి, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. చట్టం ఉన్నా, కేసు పెట్టేదాకా వెళ్ళకుండా ఆ మనిషిని అయోమయంలో ఉంచగలిగితే తనకి ఆ పూట నిద్రపడుతుంది. డిజైన్ చేసినవాళ్ళు ఆలోచించింది తన గురించి, నా గురించి కాదు. అదే న్యాయమని నేనూ ఒప్పుకున్నాను.

"ఇంతకీ నువ్వు ఎన్ని నంబర్ల నుంచి ట్రై చేశావ్?" అనడిగింది ట్రే తీస్తూ.

"ఛ, ఒక్కటే" అన్నాను. అప్పటికి అది నిజమే.

దీపావళికి తెనాలి వెళ్ళాను. అమ్మ పెరట్లో ఉంది, ఫోన్ డైనింగ్ టేబుల్ మీద ఉంది. అమ్మ నంబరు వాడి దగ్గరుంటుందని నాకు తెలుసు. హాస్టల్ రోజుల్లో నేను ఫోన్ ఎత్తకపోతే అమ్మ వాడికే చేసేది. వాడి నంబరు నొక్కాను. పూర్తి రింగు. రెండో రింగు. మూడోది మోగుతుండగా ఎత్తాడు.

"ఆంటీ! బావున్నారా? అంకుల్‌కి మోకాలి నెప్పి తగ్గిందా?"

పదినెలల్లో ఆదివారం పదకొండింటికి నేను విన్న గొంతు కాదది. ఫ్లాట్లో ఉన్నప్పటి గొంతు. నేనేం మాట్లాడలేదు. "ఆంటీ? వినబడుతోందా?" అన్నాడు. కట్ చేశాను. నా టెస్టు పాసయింది.

రెండు నిమిషాల్లో వాడే తిరిగి చేశాడు. ఫోన్ నా చేతిలో మోగుతోంది, అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి తీసుకుంది. "నేను చెయ్యలేదు నాన్నా.. మావాడొచ్చాడు పండక్కి, వాడే నొక్కుంటాడు" అని చెప్పేసింది. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత అమ్మ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఇరవై నిమిషాలు.

వచ్చాక కందిపప్పు డబ్బా మూత పెడుతూ అంది. "ఆదివారం వస్తోందంటే భయమేస్తోంది ఆంటీ అన్నాడు. నువ్వు ఫోన్ పెట్టేశాక వాళ్ళ నాన్న కూడా అవే ప్రశ్నలు అడుగుతారంట. నీ డబ్బులు ఒకటో తారీఖు నుంచి కొంచెం కొంచెం వేస్తానన్నాడు. డబ్బుల సంగతి నాకెందుకు చెప్పలేదురా నువ్వు?"

"చెప్పి బ్లాక్ చెయ్యొచ్చు కదా" అన్నది నా వాదన, చాలామందిదీ అదే. వాడు చెప్పాడండీ. సెప్టెంబరంతా "నేనే చేస్తాలే రా" అన్నాడు. "ఏమన్నా ఉంటే నేనే చెప్తాగా" అన్నాడు. రెండు ఆదివారాలు ఎత్తలేదు. "నేనే చేస్తా" అంటే "నువ్వు చెయ్యకు" అని. క్లయింటు ఈమెయిల్లో ఇలాంటి వాక్యాల అర్థం తీయడానికే కదా నాకు జీతమిచ్చేది. మా తాతయ్య మధ్యాహ్నం పడుకునేముందు ల్యాండ్‌లైన్ రిసీవర్ తీసి పక్కన పెట్టేవాడు. ఊళ్ళో ఎవరూ అలిగినట్టు గుర్తులేదు. సాయంత్రం వీధిలో కనబడితే మామూలుగానే మాట్లాడేవాళ్ళు.

కాబట్టి, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి నా దగ్గరున్న జవాబు ఇదే. ఒక్క రింగుతో బిజీ రెండు మూడు రోజులు వరసగా వస్తే, విడిగా పంపింది ఒకటే టిక్కు దగ్గర ఆగి గ్రూపులో పెట్టింది చదివేస్తుంటే, చేశారనే అనుకోండి. ఆ మిగతా పది శాతం జోలికి పోకండి. ఒకవేళ నిజంగా మనిషికి ఏమైనా అయిందేమోనన్న భయమైతే ఇంకో స్నేహితుణ్ణి అడగండి, "బావున్నాడా" అని మాత్రమే. వేరే నంబరు నుంచి చేసి నిరూపించుకుంటే మనకి దక్కేది రుజువు. వాడికి మాత్రం అమ్మ నంబరు చూసినా ఎత్తాలా వద్దా అన్న అనుమానం మిగులుతుంది. అదృష్టంకొద్దీ మా అమ్మ విషయంలో అలా జరగలేదు, ఇప్పటికీ ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఈమధ్య విజయవాడలో ఏదో చిన్న కంపెనీలో చేరాడని అమ్మే చెప్పింది. నేను అంతకుమించి అడగలేదు.

ఇంకొక్క టెక్నికల్ విషయం మిగిలింది. బ్లాక్‌లో ఉండగా పంపిన వాట్సాప్ మెసేజీలు, తర్వాత అన్‌బ్లాక్ చేసినా చేరవు. అంటే నా దసరా శుభాకాంక్షలు ఎప్పటికీ ఒకటే టిక్కు. దాన్ని చూస్తూ కూర్చుంటే ఏమీ తెలీదు. తీసేశాడో లేదో తెలియాలంటే కొత్తగా ఏదో ఒకటి పంపాలి. "కొత్త ఉద్యోగం ఎలా ఉంది" అని టైప్ చేశాను మొన్న. ప్రశ్నే కదా అనిపించి చెరిపేశాను.