ఆటోమేటాకూ ఒక ల్యాబ్ గంట

మేడ్చల్ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. నా సబ్జెక్టును పిల్లలు ‘ఫ్లాట్’ అంటారు. ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీకి పొట్టి పేరది. మా దగ్గర జావాకు ల్యాబ్ ఉంది, డేటాబేస్‌కు ఉంది, దీనికి లేదు. డీఎఫ్‌ఏ (డిటర్మినిస్టిక్ ఫైనైట్ ఆటోమేటన్) అంటే ఏమిటని అడిగితే ఐదు అంశాల నిర్వచనం గడగడా అప్పజెప్పే పిల్లలు, చిన్న యంత్రం గీయమంటే పెన్ను కదపరు.

పోయిన సెమిస్టర్‌లో ఖాళీగా ఉన్న ల్యాబ్ అడిగి తీసుకుని జేఎఫ్‌ల్యాప్ పెట్టించాను. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ సూసన్ రాడ్జర్, ఆమె విద్యార్థులు తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. కంప్యూటర్‌లో జావా ఉంటే చాలు, నెట్ కూడా అక్కర్లేదు. స్టేట్లు గీసి, బాణాలు కలిపి, 0, 1ల వరుస (స్ట్రింగ్) ఒకటి ఇస్తే అడుగడుగూ నడిచి చూపిస్తుంది. ఒప్పుకుంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు.

01తో ముగిసే స్ట్రింగులను ఒప్పుకునే యంత్రం గీయమన్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన ఒకమ్మాయి మూడు స్టేట్లు గీసింది. 01 ఇచ్చింది, ఆకుపచ్చ. 101, ఆకుపచ్చ. 001 ఇస్తే ఎరుపు! 0001 ఇస్తే మళ్లీ ఆకుపచ్చ. సున్నాలు రెండైతే ఫెయిలు, మూడైతే పాసు. ఒక్కో అడుగూ నడిపించి చూసుకుంది. రెండో సున్నా రాగానే యంత్రం మొదటి స్టేట్‌కు వెళ్లిపోతోంది, ఇప్పుడే ఒక సున్నా చూశానన్న సంగతే మరిచిపోతోంది. ‘‘ఇక్కడే ఉండిపోవాలి కదా మేడమ్’’ అంటూ ఆ బాణాన్ని అదే స్టేట్ మీదికి తిప్పింది. పరీక్షలో ఇదే తప్పు చేసి ఉంటే నేను ఎర్ర ఇంకుతో కొట్టేసి మార్కులు కోసేదాన్ని. స్టేట్ అంటే యంత్రం జ్ఞాపకమని ఆ పిల్లకు ఎప్పుడు తెలిసేది?

ఒక నియమం మాత్రం తప్పనిసరి. రన్ నొక్కే ముందు ఏం వస్తుందో నోట్‌బుక్‌లో రాయాలి. మొదటి వారం ఈ నియమం పెట్టలేదు. ఆకుపచ్చ వచ్చేదాకా బాణాలు అటూ ఇటూ మారుస్తూ కూర్చున్నారు.

ల్యాబ్ ఇంకో పాఠంలోనూ పనికొచ్చింది. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందో లేదో తేల్చి చెప్పే పద్ధతి ఉండదని 1936లో అలన్ ట్యూరింగ్ రుజువు చేశాడు. ఆ సంగతి బోర్డు మీద చెబితే పిల్లలు తలలూపి ఊరుకునేవారు. ఈసారి ఎప్పటికీ ఆగని ట్యూరింగ్ మెషీన్‌ను (ఆయన ఊహించిన నమూనా యంత్రం) గీయించి నడిపించాను. ఇన్ని అడుగులయ్యాయి, ఇంకా నడపమంటారా అని జేఎఫ్‌ల్యాప్ అడుగుతుంది. అవునంటే కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న. ‘‘ఆగుతుందో లేదో దీనికీ తెలీదా మేడమ్?’’ అని వెనక బెంచీ కుర్రాడు అడిగాడు. ఇన్నేళ్లలో ఆ పాఠం దగ్గర నన్నెవరూ అలా అడగలేదు.

అందుకే మా యూనివర్సిటీనీ కాలేజీలనీ అడుగుతున్నాను. ఈ సబ్జెక్టుకు వారానికి ఒక్క గంట ల్యాబ్ ఇవ్వండి, ఇంటర్నల్ మార్కుల్లో కొన్ని దానికి కేటాయించండి. కొనాల్సింది ఏమీ లేదు.

బాణం సరిచేశాక ఆ అమ్మాయి ఇరవై స్ట్రింగులు ఇచ్చి చూసింది, అన్నీ సరిపోయాయి. ‘‘ఇక ఇది కరెక్టేనా మేడమ్? ఇంకా ఎన్ని ఇచ్చి చూడాలి?’’ అంది. స్ట్రింగులకు అంతులేదమ్మా అన్నాను. అన్ని స్ట్రింగులకూ ఒకేసారి రుజువు చేసే ఇండక్షన్ పాఠం మర్నాడు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను.